తులసి రెబ్బ తీసిన రోజు

ఆదోని,
9 జూన్ 2025

హుసేనప్పకు,

వాన ఇంకా పట్టలేదు. మూడు రోజులుగా పొద్దున మబ్బు కమ్ముతుంది, మధ్యాహ్నానికి గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. పత్తి యార్డులో పని తక్కువ. ఈ రోజు మా అమ్మాయి నవ్యశ్రీకి సెలవు కాబట్టి ఇద్దరం దుకాణంలో పాత ఫైళ్ళు దించి దుమ్ము దులిపాము. రెండు కట్టలు చెదలు తిన్నాయి. తక్కినవి బాగానే ఉన్నాయి.

నువ్వు గుమాస్తా పని మానుకుని పోయి పదమూడు నెలలైంది. ఫోను చేద్దామంటే నీకు సగం వినపడదు. ఆ సగం కోసం నేను వీధంతా వినేటట్టు అరవాలి. అందుకే ఉత్తరం.

విషయం ఇది. మిల్లు మనకు ఎగ్గొట్టిన ముప్పై ఒక్క లక్షకు ఇన్సూరెన్సు ఉందని నీకు తెలుసు. అరువు మీద పత్తి కొన్నవాడు డబ్బు ఇవ్వకపోతే వందకు ఎనభై తాము ఇస్తామని మా ఆయన చేత ఆరేళ్ళు ప్రీమియం కట్టించుకున్నారు. ఇప్పుడు ఆ ఇన్సూరెన్సు కంపెనీయే దివాలా తీసింది. కోర్టు ఒక లిక్విడేటరును పెట్టింది. కంపెనీ నుంచి డబ్బు రావలసిన వాళ్ళందరూ ఆగస్టు 29 లోపల కాగితాలతో క్లెయిము వేసుకోవాలి. కంపెనీకి మిగిలిన ఆస్తి అమ్మి, ఒప్పుకున్న క్లెయిములకు పంచుతారట. ఆదోనిలో మనతో కలిపి ఏడు దుకాణాలు వేస్తున్నాయి.

మన క్లెయిము ఇరవై నాలుగు లక్షల ఎనభై వేలు. అది వస్తే మీ మాధవరం రైతులు పదకొండు మందికి పత్తి డబ్బు ఇచ్చేయవచ్చు. రాకపోతే కింద దుకాణం, మేడ మీద ఇల్లు అమ్మాలి. వేరే దారి లేదు. ఆయన పోయాక వాళ్ళకు ఇస్తానని చెప్పింది నేను.

బాకీ గడువు దాటిన ముప్పై రోజుల్లో మిల్లుకు, కంపెనీకి నోటీసులు పంపినట్టు రుజువు కావాలని ఫారంలో ఉంది. గడువు 2024 జనవరి 20. అంటే ఫిబ్రవరి 19 లోపల పోయి ఉండాలి. నోటీసు నకలు ఫైలులో దొరికింది. 8 ఫిబ్రవరి తేదీ వేసి ఉంది, టైపు నీదే. రిజిస్టరు పోస్టు రసీదు మాత్రం లేదు. ఎక్కడ పెట్టావో రాయి.

భీమక్కను అడిగినట్టు చెప్పు.

అలివేలమ్మ


ఎమ్మిగనూరు,
19 జూన్ 2025

అమ్మగారికి హుసేనప్ప నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇక్కడ ఆదివారం ఒక మోస్తరు వాన పడింది. నేను నూలు దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. తొమ్మిదికి పోయి ఆరుకు వస్తాను. భీమక్క ఇంట్లో కండెలు చుడుతుంది. మగ్గాలు తగ్గిపోయినందున ఆమెకు వారానికి నాలుగు రోజులే పని.

రసీదులన్నీ గద్దె పక్కన డెస్కులో కుడిచేతి సొరుగులో ఉంటాయి. ఇనుప తీగలకు గుచ్చి పెట్టాను, నెలకు ఒక తీగ. నేను వచ్చేటప్పుడు ఒక్క కాగితం కూడా తెచ్చుకోలేదు. ఆ సంగతి ఆ రోజే చెప్పాను.

కంపెనీ దివాలా సంగతి మా ఊరివాళ్ళకు ఇంకా చెప్పలేదు.

హుసేనప్ప


ఆదోని,
4 జూలై 2025

హుసేనప్పకు,

సొరుగు తీశాము. ఫిబ్రవరి తీగకు పదహారు రసీదులు ఉన్నాయి. మిల్లుది లేదు, కంపెనీది లేదు.

వకీలు దగ్గరికి పోయి అడిగాము. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "అమ్మా, రసీదు పారేసుకునేది నేరం గాదు. నోటీసు నేనే పోస్టులో ఏసినానని గుమాస్తా ఒక్క సంతకం పెడితే సాలు. ఆ కాగితాలు సదివేవాడు యాడో బొంబాయిలో ఉంటాడు. ఆదోని ఏ పక్క ఉండాదో గూడా వానికి తెల్దు."

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి దీనితో పంపుతున్నాను. 8 ఫిబ్రవరి 2024 నాడు రెండు నోటీసులూ నేనే పోస్టు చేశాను, రసీదులు తర్వాత పోయాయి అని ఉంది. గుర్తు పెట్టిన రెండు చోట్ల సంతకం చేసి రిజిస్టరులో పంపు. పోస్టు ఖర్చుకు అరవై రూపాయలు కవరులో పెట్టాను.

నీ ఊరివాళ్ళ డబ్బు కూడా ఇందులోనే ఉంది. వేరే చెప్పనక్కరలేదు.

అలివేలమ్మ


ఎమ్మిగనూరు,
16 జూలై 2025

అమ్మగారికి,

స్టాంపు కాగితం అందింది. ఆదివారం మా చిన్నాయన కొడుకు బసన్న మాధవరం నుంచి వచ్చాడు. పదకొండు మందిలో పెద్ద మొత్తం వాడిదే. గడప దగ్గరే నిలబడి, "ఏం అన్నా, ఇంగా బతికే ఉండావా?" అన్నాడు.

"ఉండాను. లోపలికి రాప్పా, కూర్చో" అన్నాను.

"కూర్చునేకి రాలేదు. సావుకారు మొగం సూసి తూకం ఏయలేదు మేము, నీ మాట మీద ఏసినాము. సావుకారు పోయినప్పుడు నలభై దినాలు ఆ గడప తొక్కగూడదంటివి. తొక్కలేదు. ఆ నలభై పోయి ఏడాది దాటిపాయ. ఇప్పుడు నీకు సెవుడు గూడా వచ్చె. మేము అడిగేది వినపడగూడదనే తెచ్చుకుంటివేమో."

లోపలినుంచి భీమక్క, "సెవుడు ఆయప్పకు పెండ్లయిన కాడినుంచి ఉండాది బసన్నా. నీకు ఇప్పుడు తెలిసిందా?" అంది. వాడు నవ్వి లోపలికి వచ్చాడు. టీ తాగాడు. ఈసారి విత్తనాలకు, ఎరువులకు వడ్డీకి తెచ్చాడట. కోడెను అమ్మాడట. అది చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఇన్సూరెన్సు సంగతి, కాగితం సంగతి వాడికి చెప్పాను. "సంతకమే గదన్నా, పెట్టు. సెయ్యి ఏమన్నా అరిగిపోతాదా?" అన్నాడు.

కాగితం మూడుసార్లు చదివాను. పెట్టెలో ఉంది. అరవై రూపాయలు తిరిగి పంపుతున్నాను. పోస్టు ఖర్చు నేను పెట్టుకోగలను.

ఫిబ్రవరి తీగ చూశామని రాశారు. మార్చి తీగ కూడా చూసే ఉంటారు.

హుసేనప్ప


ఆదోని,
24 జూలై 2025

హుసేనప్పకు,

వకీలు రెండుసార్లు కబురు చేశాడు. గడువు నెల రోజుల పైచిలుకే ఉంది. సంతకం పెడతావా, పెట్టవా? పెట్టకపోతే ఎందుకో రాయి. తీగల సంగతి నాకు చెప్పవద్దు.

అలివేలమ్మ


ఎమ్మిగనూరు,
2 ఆగస్టు 2025

అమ్మగారికి,

మీ కాగితం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. నేను పెట్టగలిగిన సంతకం వేరే స్టాంపు కాగితం మీద పెట్టాను. అది కూడా ఇందులో ఉంది. నూలు దుకాణం టైపు మిషను మీద నేనే కొట్టాను. అందులో ఉన్నది ఇది.

"మాధవరం హుసేనప్ప అనే నేను, వయసు 63, ఆదోనిలో కాశీవిశ్వనాథం గారి పత్తి దుకాణంలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. రెండు నోటీసులూ 8 ఫిబ్రవరి 2024 సాయంత్రం టైపు చేశాను. మరునాడు పోస్టుకు పోవలసి ఉండగా, మిల్లు యజమాని తల్లి ఆ పొద్దున చనిపోయిందని కబురు వచ్చింది. మా దుకాణంలో పెద్ద సావుకారు కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. బాకీ ఉన్నవాళ్ళ ఇంట్లో చావు జరిగితే, ఖాతా పుస్తకంలో వాళ్ళ పేజీలో ఒక తులసి రెబ్బ పెడతారు. రెబ్బ ఉన్నంతకాలం ఆ పేజీ డబ్బు నోటితో అడగరు, కాగితంతో అడగరు, ఇంకొకరి చేత అడిగించరు. ఫిబ్రవరి 10న ఆ పేజీలో రెబ్బ పెట్టారు. కంపెనీకి నోటీసు పోతే కంపెనీ మనుషులు ఆ ఇంటికి పోతారు కాబట్టి అదీ ఆగిపోయింది. రెండూ సొరుగులో ఉండిపోయాయి. మార్చి 20న రెబ్బ నేనే తీసి రెండూ రిజిస్టరు పోస్టు చేశాను. తీయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇది నిజం."

రెబ్బ ఎవరు పెట్టారో అందులో రాయలేదు. ఇంట్లో తులసి ఎవరు కోస్తారో లిక్విడేటరుకు అవసరం లేదు.

సావుకారు పోయిన పన్నెండో రోజు పదిమందిలో మీరు ఒక మాట అన్నారు. "ఆ రెబ్బ మీద ఈయప్ప సెయ్యి పడినాక ఇంటికి అచ్చిరాలేదు" అని. ఆ రోజు బదులు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడం లేదు. పై కాగితం సాక్ష్యం మటుకే.

దీనివల్ల మా ఊరివాళ్ళకు నష్టమని తెలుసు. బసన్నకు ఇంకా చెప్పలేదు.

హుసేనప్ప


ఆదోని,
11 ఆగస్టు 2025

హుసేనప్పకు,

నాలుగు రోజులుగా ముసురు. మేడ మీద రెండు చోట్ల కారుతోంది. గిన్నెలు పెట్టి నీళ్ళు పారబోయడమే పని. ఆ పని మధ్యలో ఈ ఉత్తరం రెండు రోజులు రాశాను.

రెబ్బ పెట్టింది నేను. అది నీకు తెలుసు. మార్చి తీగ కూడా జూలైలోనే చూశాను. 20 తేదీ రసీదులు రెండూ ఉన్నాయి. చూసి మళ్ళీ సొరుగులో పెట్టి, నీకు స్టాంపు కాగితం పంపాను.

నీకు తెలియనిది ఒకటి ఉంది. ఫిబ్రవరి 18న ఆయన భోజనం దగ్గర అడిగాడు. "అలివేలూ, రేపటితో ముప్పై దినాలు అయిపోతాది. ఈ ఒక్కసారికి ఆ రెబ్బ తీసేయ్" అన్నాడు. తీయనన్నాను. "మైల కూడా పోలేదు, అప్పుడే నోటీసు పంపుతామా?" అన్నాను. మైల పోయాక మళ్ళీ ఒకసారి అడిగాడు. అప్పుడూ కాదన్నాను. మూడోసారి అడగలేదు.

పదహారేళ్ళ కిందట మా అత్త పోయినప్పుడు మనమే ఆ మిల్లుకు బాకీ. పత్తికి బయానా తీసుకుని, సరుకు పంపలేదు. ఆ మిల్లు తల్లి ఇక్కడికి వచ్చి నా పక్కన కూర్చుని, "నలభై దినాలు మావాడు నోరు తెరవడు, నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అని చెప్పిపోయింది. అట్లాగే నోరు తెరవలేదు. ఆమె పోయినప్పుడు నలభైకి నలభై ఇవ్వాలని నేను అనుకున్నాను. ఇది నేను ఆయనకు చెప్పలేదు. మిల్లు మునుగుతోందని తెలిసి కూడా ఆయన నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే తీసేదాన్నేమో, ఇప్పుడు చెప్పలేను.

నీ ఉత్తరం చదివాక పాత క్యాలెండరు తీసి లెక్కపెట్టాను. ఫిబ్రవరి 9 మొదలు పెడితే మార్చి 20 నలభై ఒకటో రోజు. నువ్వు నలభై నిండనిచ్చి తీశావు. నేనేమో ఆ లెక్క పెట్టుకోకుండా ఒకరోజు పేజీ తెరిచి, రెబ్బ లేదని చూసి, మనసులో పెట్టుకుని పన్నెండో రోజు అనేశాను.

ఇంకొకటి కూడా రాస్తున్నాను. నువ్వు మొదటి కాగితం మీద సంతకం పెట్టి పంపి ఉంటే నేను ఊరుకునేదాన్ని.

నీ కాగితంతో పాటు నాది కూడా ఒకటి రాయించాను. రెబ్బ నేను పెట్టానని, భర్త అడిగినా తీయలేదని. వకీలు తల పట్టుకున్నాడు. "అమ్మా, లిక్విడేటరుకు తులసి గురించి రాస్తారా? నవ్వుతారు" అన్నాడు. నవ్వనీ అన్నాను. "అట్లయితే రైతులకు మీరే సెప్పుకోండి, నన్ను అడగొద్దు" అన్నాడు. నిన్ననే కవరు కట్టి ఈ రోజు పొద్దున పంపాము. నవ్యశ్రీ రసీదును ఆగస్టు తీగకు గుచ్చింది.

అలివేలమ్మ


ఎమ్మిగనూరు,
20 ఆగస్టు 2025

అమ్మగారికి,

ఉత్తరం చదివాను. భీమక్కకు కూడా చదివి వినిపించాను.

ఆదివారం మాధవరం పోయి బసన్నకు అంతా చెప్పాను. రచ్చకట్ట దగ్గర ఇంకో నలుగురు కూడా ఉన్నారు. బసన్న చివరిదాకా విని, "తులసి వాళ్ళది, పత్తి మాది. నడుమ నువ్వెవరప్పా?" అన్నాడు. ఇంకొకతను, "ఒక సుక్క ఇంకు పోసి సంతకం గీకితే పదకొండు ఇండ్లలో పొయ్యి మండేది. ఈయప్పకు ఇప్పుడే సత్తెం గుర్తొచ్చె" అన్నాడు. భోజనానికి ఎవరూ పిలవలేదు. సాయంత్రం బస్సు దాకా స్టాపులో కూర్చున్నాను.

క్లెయిము జవాబు వస్తే రాయండి.

హుసేనప్ప


ఆదోని,
14 నవంబరు 2025

హుసేనప్పకు,

జవాబు వచ్చింది. రెండు పేజీలు. తులసి మాట అందులో ఎక్కడా లేదు. నోటీసు ముప్పై రోజులు ఆలస్యం కాబట్టి క్లెయిము ఒప్పుకోలేదని ఒక్క వాక్యం ఉంది. అప్పీలు చేసుకోవచ్చట. చేయడం లేదు.

తక్కిన ఆరు దుకాణాల క్లెయిములు ఒప్పుకున్నారు. వాళ్ళకు ఇప్పుడు రూపాయికి పదకొండు పైసల లెక్కన వస్తుందట. మిగతాది వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. మనదీ ఒప్పుకుని ఉంటే రెండు లక్షల డెబ్బై రెండు వేల ఎనిమిది వందలు వచ్చేది. ఇల్లు ఎట్లాగూ నిలిచేది కాదు. ఇది నీ ఊరివాళ్ళకు చెప్పు. సమాధానానికి కాదు, లెక్క తెలియడానికి. ఆ రెండు లక్షల చిల్లర కూడా వాళ్ళకు నేనే ఇస్తాను, పూర్తి మొత్తంలోనే కలిసి ఉంది.

ఇల్లు, దుకాణం విత్తనాల వ్యాపారి దేవేంద్రప్ప కొన్నాడు. గద్దె తీసేసి రాక్‌లు పెట్టుకుంటాడట. బ్యాంకు బాకీ పోగా మీవాళ్ళకు సరిపోతుంది, మాకు కొంచెం మిగులుతుంది. నవ్యశ్రీకి టీచరు పోస్టు కోడుమూరులో వచ్చింది. అక్కడ రెండు గదులు తీసుకున్నాము. నెలాఖరుకు పోతున్నాను.

సోమవారం, అంటే 10న, ఆ పన్నెండో రోజు మన ఇంటికి వచ్చినవాళ్ళను మళ్ళీ పిలిచాను. అందరూ రాలేదు. ఆరుగురు వచ్చారు. నలభై రోజుల లెక్క వాళ్ళ ముందు చెప్పాను. పక్క దుకాణం తిక్కయ్య, "పాతది ఇప్పుడెందుకు లేమ్మా" అన్నాడు. నీ మీద పడింది పాతది కాదన్నాను. కాఫీ తాగి పోయారు.

పదకొండు చెక్కులు రాశాను. మొత్తం పద్నాలుగు లక్షల ముప్పై ఐదు వేలు. డిసెంబరు 2న దుకాణం అప్పగింత. ఆ రోజు పొద్దున మీవాళ్ళను అక్కడికే రమ్మను. పత్తి తూకం వేసిన చోటే ఇవ్వాలి. నవ్యశ్రీ చెక్కులు తెస్తుంది. నువ్వు ఒక్కొక్కరినీ గుర్తుపట్టి ఇచ్చి, పుస్తకంలో సంతకం తీసుకోవాలి. గద్దె ఎత్తేది నేను చూడలేను. నువ్వు వస్తావా?

అలివేలమ్మ


ఎమ్మిగనూరు,
3 డిసెంబరు 2025

కోడుమూరులో ఉన్న అమ్మగారికి,

నిన్న ఆదోనిలో పొద్దున చలి గట్టిగా ఉంది. యార్డు ముందు పత్తి బండ్లు రెండు వరసలు నిలిచి ఉన్నాయి. నేను ఎనిమిదికే చేరి దుకాణం తెరిచాను. నీళ్ళు చల్లి ఊడ్చాను. నవ్యశ్రీ తొమ్మిదిన్నరకు వచ్చింది. మావాళ్ళు పదకొండు మందీ పదికి వచ్చారు. ముందు ఎవరూ గద్దె మీద కూర్చోలేదు. నిలబడే ఉన్నారు.

పేర్లు పుస్తకంలో ఉన్న వరసలోనే పిలిచాను. ఇద్దరు వేలిముద్ర వేశారు, తక్కినవాళ్ళు సంతకం చేశారు. బసన్న తన చెక్కు వెనకా ముందూ తిప్పి చూశాడు. "ఇది గూడా దివాలా తీసేదేనా, లేకుంటే సెల్లుతాదా?" అన్నాడు. చెల్లుతుందన్నాను. "నీ మాటేనా?" అన్నాడు. "నా మాట గాదప్పా, అమ్మ సంతకం" అన్నాను. వాడు సంతకం పెట్టి, పెన్ను నా జేబులో వాడే గుచ్చాడు. "ఆదివారం ఇంటికి రా అన్నా. భీమక్కను తీసుకురా. ఆ పొద్దు నిన్ను బువ్వ తినకుండా పంపినాము" అన్నాడు. వస్తానన్నాను.

నవ్యశ్రీ పెద్ద పుస్తకం అడిగింది. ఇచ్చే ముందు మిల్లు పేజీ తెరిచి చూశాను. రెబ్బ పెట్టిన చోట ఆకు అంత పచ్చటి మరక ఉంది. ఆ రెబ్బను ఆ రోజు నేను పారేయలేదు. మార్చి తీగ చివర రసీదుల మీద గుచ్చాను. ఎండి పొడి అయింది, కాడ మాత్రం ఉంది. తీగలన్నీ కట్ట కట్టి పుస్తకంతోనే పంపాను.

దేవేంద్రప్ప మనుషులు మధ్యాహ్నం గద్దె ఎత్తారు. కింద ఒక రూపాయి బిళ్ళ, రెండు గుండుసూదులు దొరికాయి. రూపాయి ఇందులో పంపుతున్నాను.

నవ్యశ్రీ పుస్తకం, తులసి కుండీ తీసుకుని పన్నెండున్నర కర్నూలు బస్సుకు పోయింది. బసన్న, తక్కిన పదిమంది మూడింటి మంత్రాలయం బస్సుకు పోయారు. దేవేంద్రప్ప తాళాలు తీసుకుని నాలుగింటికి పోయాడు. నేను అయిదుంబావు బస్సుకు వచ్చేశాను.

హుసేనప్ప